ఒక్కరోజు క్లాసిక్స్‌లో ఎప్పుడూ ఆ ఇద్దరే ఎందుకు గెలుస్తున్నారు?

మీరు అడిగింది ఇదీ. రెండేళ్ల నుంచి సైక్లింగ్ క్లాసిక్స్ చూస్తున్నారు, మూడు వారాల టూర్‌లో బలమున్నవాడే గెలుస్తాడంటే అర్థమవుతుంది గానీ ఒక్కరోజు రేసంటే పంక్చర్లు, పడిపోవడాలు, వాన, గాలి ఇన్ని ఉంటాయి కదా, అయినా సరే చూసినప్పుడల్లా స్లోవేనియా రైడర్ తాదే పోగచార్ లేకపోతే నెదర్లాండ్స్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పూల్ గెలుస్తున్నారు, ఇది టీం డబ్బు మహిమా, బైకు మహిమా, ఇలాగైతే బోర్ కొట్టదా అని.

నేను పదకొండేళ్లుగా బెల్జియంలో గెంట్ దగ్గర ఉంటున్నా. ఇక్కడి లోకల్ క్లబ్‌తో తొక్కుతా, మన తిరునాళ్లలాగా ఇక్కడ ఊరూరా జరిగే చిన్న సర్క్యూట్ రేసులుంటాయి, కెర్మిస్ అంటారు, అవి చాలానే ఆడా. ఇప్పుడు ఉద్యోగం కాక మిగిలిన టైంలో ఇక్కడా ఇండియాలోనూ ఓ పది పన్నెండు మంది అమెచ్యూర్లకి ట్రైనింగ్ ప్లాన్లు రాసిస్తున్నా. ఆ అనుభవంలోంచి చెప్తున్నా.

సూటిగా చెప్పాలంటే: ఐదారు గంటలు తొక్కాక కూడా వీళ్ల కాళ్లల్లో మిగిలుండే బలం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. ఆ బలాన్ని ఫినిష్ దాకా దాచుకోకుండా 40, 60, ఒక్కోసారి 100 కిలోమీటర్ల ముందే బయటికి తీస్తున్నారు. అదృష్టం బాగా పనిచేసేది చివరికి పది ఇరవై మంది కలిసి వచ్చినప్పుడు. వీళ్లు అసలు అంతమందిని చివరిదాకా రానివ్వట్లేదు.

ముందు లెక్క చూడండి, ఎందుకంటే ఇది మీకు అనిపించడం మాత్రమే కాదు, నిజంగానే ఉంది. మాన్యుమెంట్స్ అని ఐదు పెద్ద రేసులున్నాయి కదా, మిలాన్–శాన్ రెమో, టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, పారిస్–రూబే, లీయేజ్–బాస్తోన్–లీయేజ్, లొంబార్దియా. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లలో 20 మాన్యుమెంట్స్ జరిగితే 17 మంది వేర్వేరు రైడర్లు గెలిచారు. సగన్, జిల్బేర్, నిబాలి, ఈ ముగ్గురే రెండేసి గెలిచారు, మిగతా అందరికీ ఒక్కోటి. అదే 2023 నుంచి 2025 దాకా 15 జరిగితే గెలిచింది నలుగురే. పోగచార్ 7, వాన్ డెర్ పూల్ 6, మిగిలిన రెండిట్లో ఒకటి ఎవెనెపూల్‌ది, ఒకటి ఫిలిప్‌సెన్‌ది. ఆ ఫిలిప్‌సెన్ కూడా వాన్ డెర్ పూల్ టీమ్‌మేటే, 2024 శాన్ రెమోలో వాన్ డెర్ పూల్ అతనికోసం పనిచేశాడు కాబట్టే ఆ స్ప్రింట్ కుదిరింది. 2025లో అయితే ఐదుకి ఐదూ ఈ ఇద్దరే పంచుకున్నారు, పోగచార్ ఐదు రేసుల్లోనూ పోడియం మీదున్నాడు, ఒకే సీజన్‌లో అది అంతకు ముందు ఎవరూ చేయలేదు. (నేను 2025 సీజన్ చివరి వరకే లెక్క వేస్తున్నా.)

అయితే ఇది చరిత్రలో మొదటిసారేం కాదు. ఎడ్డీ మెర్క్స్ మొత్తం 19 మాన్యుమెంట్స్ గెలిచాడు, ఒక్క శాన్ రెమోనే 7 సార్లు. మొన్న మొన్నటి దాకా రాళ్ల రోడ్ల రేసులంటే బూనెన్, కాన్సెలారా అన్నట్టే ఉండేది, చెరో 7 మాన్యుమెంట్స్. నాకు తెలిసి 2016–19 మధ్య వచ్చిందే వింత కాలం, ఒక తరం సర్దుకుంటోంది, ఇంకో తరం ఇంకా రాలేదు, ఆ ఖాళీలో ఎవరికి కుదిరితే వాళ్లు గెలిచారు. 2016 రూబే గుర్తు చేసుకోండి. మాథ్యూ హేమన్, 37 ఏళ్లు, రేసుకి కొన్ని వారాల ముందు చెయ్యి విరిగింది, ఇంట్లో బైకుని ఒకేచోట నిలబెట్టి తొక్కే ట్రైనర్ మీదే తొక్కి వచ్చి, పొద్దున గుంపుని వదిలి ముందుకెళ్లిన చిన్న బృందంలో (బ్రేక్‌అవే) దూరి చివరికి ఫినిష్ ఉండే వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ స్టేడియంలో, బూనెన్‌ని స్ప్రింట్‌లో కొట్టాడు. బూనెన్ ఐదో రూబే అక్కడే పోయింది. నాకు ఇప్పటికీ అత్యంత ఇష్టమైన రేసు అదే. అలాంటి రేసు ఇప్పుడు జరగడం ఎందుకు కష్టమైందో చెప్తా.

అలసిపోయాక మిగిలే బలం

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఎవడి పవర్ ఎంత అని అడుగుతారు, అంటే పొద్దున్నే ఫ్రెష్‌గా లేచి టెస్ట్ చేస్తే ఎన్ని వాట్లు వస్తాయి అని. ప్రొఫెషనల్స్‌లో ఆ నంబర్ చూస్తే టాప్ ముప్పై మందిలో పెద్ద తేడా కనపడదు. తేడా అంతా నాలుగైదు గంటలు తొక్కి, ఒంట్లోంచి మూడు నాలుగు వేల కిలోజౌళ్లు ఖర్చయ్యాక అదే టెస్ట్ చేస్తే కనపడుతుంది. మాన్యుమెంట్స్ అన్నీ 250 కిలోమీటర్లు అటూ ఇటూ, శాన్ రెమో అయితే 290 దాకా. అంటే అసలు రేసు మొదలయ్యేదే రోజుకో దశగా జరిగే మామూలు స్టేజ్ రేసులో ఆ రోజు ఫినిష్ లైన్ వచ్చేసే టైంకి.

నా సొంత నంబర్లు చెప్తా. నేను బాగా తయారై ఉన్న సంవత్సరం ఫ్రెష్‌గా 5 నిమిషాలకి 340 వాట్లు కొట్టేవాణ్ణి. నాలుగు గంటల రైడ్ చివర్లో అదే టెస్ట్ చేస్తే 285. హైదరాబాద్‌లో నా దగ్గర ప్లాన్ తీసుకునే తమ్ముడొకడున్నాడు, ఫ్రెష్ నంబర్ నాకన్నా తక్కువ, 320 అనుకోండి, కానీ 200 కిలోమీటర్ల బ్రెవే (టైం లోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) చివర్లో కూడా 305 తీస్తాడు. గంట రేసు పెడితే నేను గెలుస్తా, ఆరు గంటల రేసు పెడితే వాడి వెనక చక్రం కూడా నాకు కనపడదు. ఇదే సంగతి పై లెవెల్లో ఊహించుకోండి. పోగచార్ ఫ్రెష్ నంబర్లే అందరికన్నా పైన, దాని మీద ఐదో గంటలో కూడా పెద్దగా తగ్గడు.

2025 ఏప్రిల్‌లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రోజు నేను ఔడె క్వారెమాంట్ మీద, ఊరు దాటాక ఎడమ పక్క కంచెని ఆనుకుని నిలబడ్డా. ఆ ఎక్కుడు 2.2 కిలోమీటర్లు, కింద కాస్త తారు, తర్వాత అంతా రాళ్లు, రేసులో మూడుసార్లు ఎక్కాలి. మొదటిసారి వచ్చినప్పుడు అందరి ముఖాలూ మామూలుగానే ఉన్నాయి. రెండోసారికి గుంపు చీలింది. మూడోసారి ముందు హెలికాప్టర్ చప్పుడు, తర్వాత మోటార్ బైకులు, ఆ వెనక పోగచార్ ఒక్కడే. సీటు మీదే కూర్చున్నాడు, నడుం పైనుంచి దాదాపు కదలిక లేదు, కాళ్లు మాత్రం తిరుగుతున్నాయి, చక్రాల కింద రాళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. కాస్త ఆగి మిగతావాళ్లొచ్చారు, పెడర్సన్, వాన్ డెర్ పూల్, వాన్ ఆర్ట్, స్టూయ్‌వెన్. వాళ్ల భుజాలు అటూ ఇటూ ఊగిపోతున్నాయి, ఒకళ్లిద్దరు హ్యాండిల్ బార్ మీదకి పూర్తిగా వాలిపోయారు. అది చూశాక మళ్లీ పవర్ ఫైల్ చూడాల్సిన పనిలేదు. అక్కణ్ణుంచి ఫినిష్ 18 కిలోమీటర్లు, నిమిషం తేడాతో గెలిచాడు.

తిండి మారింది, దాంతో ఆట మారింది

ఇది జనం తక్కువగా మాట్లాడే కారణం, నా దృష్టిలో చాలా పెద్దది. పదేళ్ల క్రితం గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు అంటే చాలు అనుకునేవాళ్లు. ఇప్పుడు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి గంటకి 100–120 గ్రాములు తీసుకుంటున్నారు, దానికి కడుపుని కూడా నెలల తరబడి అలవాటు చేస్తున్నారు. మా కెర్మిస్ రేసుల్లోనే తేడా చూశా, ఒకప్పుడు నీళ్ల బాటిల్, అరటిపండు పెట్టుకుని వెళ్లి రెండున్నర గంటల తర్వాత కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూర్చున్న రోజులున్నాయి, ఇప్పుడు అదే రేసు చివరి ల్యాప్‌లో కూడా కాళ్లు పనిచేస్తాయి. ఆ హైదరాబాద్ తమ్ముడికి కూడా ఖరీదైన జెల్స్ వద్దని చెప్పి బాటిల్లో పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి పదార్థపు పొడి), ఉప్పు కొలిచి కలిపిస్తున్నా, జేబులో బెల్లం పల్లీ చిక్కీ. బానే పనిచేస్తోంది.

అందరూ తింటున్నారు కదా, మరి ఈ ఇద్దరికే లాభమెలా అంటారా? పాత రోజుల్లో 80 కిలోమీటర్లు ఒంటరిగా వెళ్దామంటే టీం కార్లోంచి డైరెక్టరే వద్దనేవాడు, ఎందుకంటే మధ్యలో ఒంట్లో షుగర్ అయిపోతే ఎంత బలమున్నవాడైనా ఆగిపోతాడు. అంటే ఆ భయం బలమున్నవాణ్ణి కూడా గుంపులోనే కట్టిపడేసేది. ఇప్పుడు ట్యాంకు ఖాళీ కాదు. ట్యాంకు అందరికీ నిండుగా ఉన్నప్పుడు ఇంజిన్ పెద్దదున్నవాడే ముందుకెళ్తాడు. ఇటలీలో మట్టిరోడ్ల మీద జరిగే స్ట్రాడె బియాంకె రేసులో 2024లో పోగచార్ 81 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. అదే ఏడాది జ్యూరిక్ వరల్డ్స్‌లో (వరల్డ్ ఛాంపియన్‌షిప్) 100 కిలోమీటర్ల ముందు అటాక్ చేశాడు, 2025 కిగాలీ వరల్డ్స్‌లో కూడా అంతే. వాన్ డెర్ పూల్ 2024 రూబేలో 60 కిలోమీటర్ల ముందు వెళ్లిపోయి మూడు నిమిషాల తేడాతో వచ్చాడు.

వెనకున్నవాళ్లు ఎందుకు పట్టుకోలేరు

ఇది రేసు ఆడనివాళ్లకి వింతగా ఉంటుంది. ఒకడు ముందు, వెనక పదిమంది, వెనకవాళ్లకి ఒకరి వెనక ఒకరు వెళ్తే గాలి తగలదు, బలం మూడో వంతు దాకా ఆదా అవుతుంది, మరి పట్టుకోవాలి కదా. లెక్క ప్రకారం పట్టుకోవాలి. కానీ ఆ పదిమంది పది టీముల వాళ్లు. నేను ముందుకొచ్చి గాలికి ఎదురు తొక్కితే పోగచార్‌ని పట్టుకుంటాం సరే, పట్టుకున్నాక నా కాళ్లు ఉండవు, నా వెనక దాక్కున్నవాడు గెలుస్తాడు. ప్రతివాడూ ఇదే ఆలోచిస్తాడు. రెండో స్థానమన్నా వస్తుందిలే అని మోచేత్తో "నువ్ రా ముందుకి" అని సైగ చేసుకుంటూ ఉంటారు, ఈలోపు తేడా 40 సెకన్ల నుంచి నిమిషమవుతుంది. జ్యూరిక్‌లో పోగచార్ చివరికి గెలిచింది 34 సెకన్లతోనే, చివర్లో బాగా అలిసిపోయాడు కూడా, వెనకున్నవాళ్లు మొదట్లోనే ఒక మాట మీద తొక్కి ఉంటే కథ వేరేలా ఉండేదని నా నమ్మకం.

దీనికి ముందు పోగచార్ నేర్చుకున్న పాఠం ఒకటుంది, 2022 ఫ్లాండర్స్. ఆ రోజు క్వారెమాంట్, పాటర్‌బర్గ్ రెండిటి మీదా అతనే బలంగా ఉన్నాడు, వాన్ డెర్ పూల్ ఒక్కడే వేలాడుతూ వెంట వచ్చాడు. చివరి కిలోమీటర్లో ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటూ దాదాపు ఆగిపోయారు, వెనక నుంచి వాన్ బార్లె, మదువా వచ్చి కలిసిపోయారు, స్ప్రింట్‌లో పోగచార్‌కి దారి దొరకలేదు, నాలుగో స్థానం, లైన్ మీద చేతులు విసిరేసి కోపం చూపించాడు. అప్పటినుంచి చూడండి, వాన్ డెర్ పూల్‌తో కలిసి లైన్ దాకా వెళ్లడానికి ఇష్టపడడు. 2023లో ఒంటరిగా గెలిచాడు, 2025లో ఒంటరిగానే. ముందుగా అటాక్ చేయడం గొప్ప చూపించుకోవడానికి కాదు, స్ప్రింట్‌లో తనకన్నా వేగమున్నవాణ్ణి వదిలించుకోవడానికి.

వాన్ డెర్ పూల్ సంగతి వేరు

ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. పోగచార్ ఎక్కుళ్ల మీద గెలుస్తాడు. వాన్ డెర్ పూల్ బలం సగం చేతుల్లో ఉంది. చిన్నప్పటి నుంచి సైక్లోక్రాస్, 2025 నాటికి అందులో 7 సార్లు వరల్డ్ ఛాంపియన్, బురదలో, ఇసుకలో బైకు జారుతున్నప్పుడు కంగారు పడకపోవడం అతనికి అలవాటైపోయింది. వాళ్ల నాన్న ఆద్రి కూడా 1986లో ఫ్లాండర్స్ గెలిచినవాడే.

కోపెన్‌బర్గ్ అని ఒకటుంది, 600 మీటర్లే, కానీ ఒకచోట 22 శాతం. ప్రో రేసుకి ముందురోజు శనివారం మాలాంటి వాళ్లకి అదే రూట్లో రైడ్ పెడతారు, నేను ఆరుసార్లు చేశా. ఒక ఏడాది వాన పడి రాళ్ల మధ్య మట్టి తేలింది, కాళ్లల్లో ఇంకా బోలెడు బలముంది, కానీ నా ముందతని వెనక చక్రం జారి కాలు కింద పెట్టాడు, అంతే, వెనకున్న యాభై అరవై మందిమి దిగి నడవాల్సొచ్చింది. ఆ వాలులో ఆగితే మళ్లీ ఎక్కి తొక్కడం కుదరదు. 2024 ఫ్లాండర్స్‌లో ప్రోలకీ అదే జరిగింది, చాలామంది దిగి బైకు నెట్టుకుంటూ నడిచారు, వాన్ డెర్ పూల్ మాత్రం వరల్డ్ ఛాంపియన్ జెర్సీలో పైకి తొక్కేసి అక్కణ్ణుంచి 45 కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లి గెలిచాడు. దీన్ని బయటినుంచి చూస్తే మిగతావాళ్ల దురదృష్టం అనిపిస్తుంది. కానీ ఆ ఇరుకు రోడ్డులోకి మొదటి ఐదుగురిలో ఒకడిగా వెళ్లడం, జారినప్పుడు నిలబెట్టుకోవడం, ఇవి అదృష్టం కాదు.

2025 రూబే కూడా ఇలాంటిదే. పోగచార్‌కి అది మొదటి రూబే, 55 కిలోమీటర్ల రాళ్ల రోడ్డు మీద అంత తేలిక మనిషి వాన్ డెర్ పూల్‌తో సమానంగా వెళ్లడమే నాకు ఆశ్చర్యం. ఫినిష్‌కి 38 కిలోమీటర్ల ముందు ఒక మలుపులో వేగం ఎక్కువై పడ్డాడు. అదే మలుపు వాన్ డెర్ పూల్ ఏ ఇబ్బందీ లేకుండా తిప్పాడు. రేసు అక్కడే తేలిపోయింది.

ఇక డబ్బు, బైకులు

డబ్బు ప్రభావం ఉంది, కాదనను. యూఏఈ టీంలో పోగచార్‌కి సాయం చేసేవాళ్లలో కొంతమంది వేరే టీంలో అయితే నాయకులుగా ఉండేవాళ్లు. వాళ్లు గంటల తరబడి స్పీడు పెంచి గుంపుని పల్చన చేస్తారు, అతను అటాక్ కొట్టేసరికి ఎదుటివాళ్ల దగ్గర సాయం చేసేవాడు ఒక్కడూ మిగలడు. కానీ డబ్బొక్కటే చాలదు, 2025లో ద్వార్స్ డోర్ ఫ్లాండెరెన్ అనే బెల్జియం రేసులో వీజ్మా టీం ముగ్గురు, ఎదురుగా పౌలెస్ ఒక్కడు, ముగ్గురూ వాన్ ఆర్ట్ స్ప్రింట్ కోసం పౌలెస్‌ని ఫినిష్ దాకా తీసుకెళ్లారు, అతనే గెలిచేశాడు.

బైకులు పెద్ద టీములన్నిటికీ దాదాపు సమానమే, బైకు వల్ల పోగచార్ గెలవట్లేదు. కానీ వెడల్పు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక రాళ్ల మీద పంక్చర్లు ఒకప్పటి కంటే తగ్గాయి, అంటే బలమున్నవాణ్ణి ఆపే ప్రమాదాల్లో ఒకటి తగ్గింది. రూట్లు కూడా అంతే, 2012 నుంచి ఫ్లాండర్స్ ఫినిష్ ఔడెనార్డేకి మార్చి క్వారెమాంట్, పాటర్‌బర్గ్ మళ్లీ మళ్లీ ఎక్కిస్తున్నారు. ఎంత ఎక్కువసార్లు ఎక్కిస్తే అంత బలమున్నవాడిదే రాజ్యం.

డోపింగ్ గురించి కూడా అడుగుతారని తెలుసు. ఈ ఇద్దరి మీదా అలాంటి కేసేం లేదు, ఆధారం లేకుండా ఎవరి మీదా మాట వెయ్యను.

బోర్ కొడుతుందా?

నిజం చెప్పాలంటే లొంబార్దియా నాకు కొట్టింది. పోగచార్ 2021 నుంచి వరసగా ఐదు గెలిచాడు, 2024లో 48 కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లి మూడు నిమిషాల తేడాతో. టీవీ ముందు కూర్చున్న గంట సేపూ ఒక మనిషి ఒంటరిగా తొక్కడమే. చాలా పెద్ద ఎక్కుళ్లున్నచోట అతనికి 2025 దాకా జవాబు లేదు.

కానీ శాన్ రెమో చూడండి. చివర్లో రెండు ఎక్కుళ్లు, చిప్రెస్సా ఐదున్నర కిలోమీటర్లు, పోజ్జో 3.7 కిలోమీటర్లు, రెండూ 4 శాతం అటూ ఇటూ, అంత వేగంలో ఎక్కుతారు కాబట్టి వెనకున్నవాడికి గాలి ఆదా ఇంకా దొరుకుతుంది. 2025లో పోగచార్ చిప్రెస్సా మీదే అటాక్ కొట్టాడు, వాన్ డెర్ పూల్, గన్నా ఇద్దరే నిలిచారు. గన్నా పోజ్జో మీద వెనకబడ్డాడు, మళ్లీ వచ్చి కలిశాడు. చివరికి ముగ్గురూ ఫినిష్ ఉండే వీధి వియా రోమాలోకి కలిసే వచ్చారు, వాన్ డెర్ పూల్ స్ప్రింట్ దూరం నుంచే మొదలుపెట్టి గెలిచాడు, గన్నా రెండు, పోగచార్ మూడు. ఆ అరగంట నేను లేచి నిలబడే చూశా. ఇద్దరు ముగ్గురు గొప్పవాళ్లు ఒకరి బలహీనత ఒకరికి తెలిసి ఆడుతుంటే అందులో ఉండే ఉత్కంఠ పది మంది మామూలువాళ్ల స్ప్రింట్‌లో రాదు, ఇది నా అభిప్రాయం.

వీళ్లని ఎలా ఓడించాలో కూడా దారి కనపడింది. 2025 ఆమ్‌స్టెల్ గోల్డ్ రేస్ దొరికితే చివరి 50 కిలోమీటర్లు మళ్లీ చూడండి. పోగచార్ మామూలుగానే ముందే వెళ్లిపోయాడు, అందరూ అయిపోయిందనుకున్నారు. వెనక నుంచి ఎవెనెపూల్, షెల్‌మోసె ఇద్దరూ లెక్కలు పక్కన పెట్టి పట్టుబట్టి తొక్కారు, ఫినిష్‌కి 8 కిలోమీటర్ల దగ్గర అతన్ని అందుకున్నారు. ఫినిష్ లైన్ మీద ముగ్గురు. వరల్డ్ ఛాంపియన్ ఒకడు, ఒలింపిక్ ఛాంపియన్ ఒకడు, మూడోవాడు 24 ఏళ్ల డేనిష్ కుర్రాడు. ఫొటో ఫినిష్‌లో షెల్‌మోసె ముందు చక్రం ముందుంది.